కుడివైపు మీటరు

ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున విల్‌ఫ్రెడ్ మెట్‌కాఫ్ మూడు పనులు పెట్టుకున్నాడు. సాసేజీలు చుట్టడం, కొట్టు ముందు మంచు ఊడ్చడం, పాత కరెంటు కంపెనీని వదిలించుకుని కొత్త కంపెనీకి మారడం. మొదటి రెండూ ఏడున్నరకే అయిపోయాయి. మూడోదానికి తొమ్మిది దాకా ఆగాలి. అంతకు ముందు కంపెనీ వాళ్లు ఫోనెత్తరు.

గన్‌బెక్ చిన్న ఊరు. మాంసం కొట్టు ఒకటే, మెథడిస్టు చర్చి ఒకటే. రెండింటి మధ్యా ఒక మనిషి పట్టేంత సందు. కొట్టు విల్‌ఫ్రెడ్‌ది. చర్చి అందరిదీ, కాని దాని కరెంటు మాత్రం విల్‌ఫ్రెడ్ చేతిలో ఉండేది. పంతొమ్మిదేళ్లుగా చర్చి ఆస్తుల బాధ్యత అతనిదే. మీటరు చూసేది అతను, బిల్లు విప్పేది అతను, విప్పి నిట్టూర్చేదీ అతనే. చర్చి హాల్లో ఏ గోడ చూసినా అతని చేతిరాతే కనబడేది. ‘బయటికి వెళ్లేటప్పుడు లైటు ఆర్పవలెను.’ ‘టీ బాయిలరూ ఓవెనూ ఒకేసారి వేయరాదు.’ హీటరు పక్కన ఇంకోటి: ‘ముందు కోటు వేసుకుని చూడుడి.’ జనం కోట్లు వేసుకునే చూసేవాళ్లు. కోట్లతోనే కీర్తనలు పాడేవాళ్లు. పాడుతుంటే నోట్లోంచి ఆవిరి కనబడేది.

అయినా చర్చి బిల్లు తగ్గేది కాదు. కొట్టు బిల్లు మాత్రం ఎప్పుడూ తక్కువే. ఈ తేడా ఎందుకో విల్‌ఫ్రెడ్‌కు తెలుసు. తను జాగ్రత్తపరుడు, చర్చిలో వంట చేసే ఆడవాళ్లు కారు.

ఆ వంట బుధవారాలది. ప్రతి బుధవారం మధ్యాహ్నం చర్చి హాల్లో ఊళ్లోని ఒంటరి ముసలివాళ్లకు వేడి భోజనం పెట్టేవారు. పద్నాలుగు మంది వచ్చేవాళ్లు. కొండ మీద గొర్రెలు కాసుకునే ఆంబ్రోస్ లాంటి వాళ్లకు వారం మొత్తంలో ఇంకో మనిషి ఎదురుగా కూర్చుని తినేది ఆ ఒక్క పూటే. డోరీన్ అనే ఆవిడ ఇరవై ఆరేళ్లుగా వండుతోంది. ఈ కరెంటు ఖర్చు చర్చి భరించలేదు కాబట్టి బుధవారం భోజనం ఆపేయాలని విల్‌ఫ్రెడ్ ఒక తీర్మానం రాసి పెట్టాడు. అది వచ్చే వారం గురువారం చర్చి సభలో ఓటుకు వస్తుంది. అతనికి ఇష్టమై రాయలేదు. బాధ్యత కాబట్టి రాశాడు. అలా అని భార్య బెరిల్‌కు నాలుగుసార్లు చెప్పాడు. ఆవిడ నాలుగుసార్లూ టీ కలుపుతూ ఉండిపోయింది.

తొమ్మిదింటికి ఫోను కలిసింది. అవతల ఒక అమ్మాయి.

"మీ మీటరు నంబరు చెప్తారా అండీ?"

విల్‌ఫ్రెడ్ ముందే సందులోకి వెళ్లి, సందు చివరి గోడకున్న చెక్క అర తెరిచి, టార్చి వేసి రాసుకొచ్చాడు. అరలో రెండు మీటర్లు పక్కపక్కన ఉంటాయి. కుడివైపు దాని మీద ‘కొట్టు’ అనీ, ఎడమవైపు దాని మీద ‘చర్చి’ అనీ తెల్ల రంగుతో ఉంటుంది. రాసింది అతనే. పంతొమ్మిదేళ్ల కింద వైరింగు మార్చినప్పుడు రాశాడు. కొట్టు కరెంటు కంపెనీకీ, చర్చి కరెంటు కంపెనీకీ నంబర్లు చెప్పింది కూడా అతనే.

నంబరు చెప్పాడు. అమ్మాయి ఏదో టైపు చేసింది.

"మీది మాంసం కొట్టే కదండీ?"

"మా తాత నాటి నుంచీ."

"కోల్డ్ రూము ఉందా అండీ?"

"ఉంది. రెండు ఫ్రీజర్లు ఉన్నాయి. ఖైమా మిషను ఉంది."

మళ్లీ టైపు చేసిన చప్పుడు.

"వాడకం చాలా తక్కువగా కనబడుతోందండీ. ఇంత తక్కువ వాడే మాంసం కొట్టు మా లిస్టులో ఇంకోటి లేదు."

"అదంతా వాడే చేతిలో ఉంటుందమ్మా."

"నిజమేనండీ. అయితే మూడేళ్లకి ఒకే ధర ఖాయం చేయమంటారా? ఈ ఫోను రికార్డవుతోంది, మీరు సరే అంటే అదే కాంట్రాక్టు. మధ్యలో మానుకోడానికి కుదరదు."

విల్‌ఫ్రెడ్ మాటలు పొదుపుగా వాడే మనిషి. ఆ రోజు మాత్రం "సరే, సరే" అని రెండుసార్లు అన్నాడు. వచ్చే వారం బుధవారం ఒకతను వచ్చి పాత మీటరు తీసి కొత్తది పెడతాడని అమ్మాయి చెప్పింది.

ఫోను పెట్టేసరికి ఆంబ్రోస్ కొట్టులో నిలబడి ఉన్నాడు.

"కరెంటు కంపెనీ వాళ్లు ఏమన్నారో తెలుసా" అన్నాడు విల్‌ఫ్రెడ్. "నా అంత తక్కువ వాడే కొట్టు వాళ్ల లిస్టులోనే లేదట."

ఆంబ్రోస్ తన బూట్ల వంక చూసుకున్నాడు.

"అలాగా."

"అలాగే. నేను చర్చి వాళ్లకి చెప్పేదీ అదేగా."

"నాలుగు సాసేజీలు కట్టు" అన్నాడు ఆంబ్రోస్.

తర్వాత డోరీన్ వచ్చింది. ఆవిడకీ చెప్పాడు. ఆవిడ త్రాసు ముల్లు వంక చూస్తూ "మంచిదే విల్‌ఫ్రెడ్" అంది. త్రాసులో అప్పటికి ఏమీ లేదు. మధ్యాహ్నానికి పదకొండు మందికి చెప్పాడు. ఎలా సాధ్యమైందని ఒక్కరూ అడగలేదు. ఈ ఊళ్లో ఒకరి గొప్ప ఇంకొకరికి మింగుడుపడదు అనుకున్నాడు విల్‌ఫ్రెడ్.

మరుసటి వారం బుధవారం వచ్చింది.

"వంట రోజే పెట్టుకోవాలా?" అంది బెరిల్ పొద్దున్నే.

"వాళ్ల మీటరు వాళ్లది, మన మీటరు మనది. వాళ్లకేం?"

కరెంటు అరగంట కంటే పోదని కంపెనీ వాళ్లు చెప్పారు. విల్‌ఫ్రెడ్ కంపెనీల మాట నమ్మే మనిషి కాదు. కోల్డ్ రూములో ఉన్నదంతా ఎదురుగా ఉన్న పబ్బు నేలమాళిగకు చేరవేశాడు. చేతిబండిలో, దుప్పటి కప్పి, తొమ్మిది సార్లు తిరిగాడు. దుప్పటి పొట్టిది. ఒక పంది కాలు వీధి పొడుగునా బయటకే ఉంది. కొట్టు తలుపుకు ‘ఈ రోజు అమ్మకం లేదు’ అని కాగితం అంటించాడు. పోస్టాఫీసు కిటికీలో తెర కొంచెం పక్కకు జరిగింది. ఆ పై కిటికీలోనూ జరిగింది.

పదకొండున్నరకు మీటరు మనిషి వచ్చాడు. పేరు కీరన్, పాతికేళ్లుంటాయి, మంచి మర్యాదస్థుడు. సందులోకి తీసుకెళ్లి విల్‌ఫ్రెడ్ కుడివైపు మీటరు చూపించాడు.

"ఆపేస్తున్నా పెద్దాయనా."

"ఆపు."

టక్కుమంది. సందులోకి ఉన్న పక్క తలుపు గుండా కొట్టు కనబడుతోంది. కోల్డ్ రూము గుర్రుమంటూనే ఉంది.

"అది నడుస్తోందే" అన్నాడు కీరన్.

"మంచి మిషను. ఆపంగానే ఆగదు."

"లైటు కూడా వెలుగుతోందండీ."

విల్‌ఫ్రెడ్ తొంగి చూశాడు. లైటు బ్రహ్మాండంగా వెలుగుతోంది.

"పాత వైరింగు" అన్నాడు. "దానికి కాస్త టైం పడుతుంది."

కీరన్ ఏదో అనబోయాడు. అంతలో చర్చి హాలు తలుపు తెరుచుకుంది. డోరీన్ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ వెనక హాలంతా మసక చీకటి.

"విల్‌ఫ్రెడ్, కరెంటు పోయింది. బంగాళాదుంపలు సగంలో ఉన్నాయి."

విల్‌ఫ్రెడ్ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. ఈ రోజు కోసం పంతొమ్మిదేళ్లుగా గోడల మీద రాస్తూనే ఉన్నాడు. గబగబా హాల్లోకి నడిచాడు. పద్నాలుగు మంది ముసలివాళ్లు కోట్లు వేసుకుని, ఖాళీ ప్లేట్ల ముందు, చీకట్లో కూర్చుని ఉన్నారు.

"ఎన్నిసార్లు చెప్పాను డోరీన్? బాయిలరూ ఓవెనూ ఒకేసారి వెయ్యొద్దని గోడ మీద రాశానా లేదా?"

"ఓవెన్ ఒక్కటే వేశాను."

"మరి టీ?"

"టీ ఇంకా పెట్టనే లేదు."

"పెట్టబోయావు. అందుకే ఫ్యూజు ఎగిరిపోయింది. చూశారా, అందరూ చూశారా? నేను తీర్మానం పెట్టింది ఊరికే కాదు."

డోరీన్ ఏప్రన్ విప్పింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచింది. దాని మీద వంటగది తాళంచెవి పెట్టింది.

"ఇరవై ఆరేళ్లు వండాను" అంది. "ఇంక నువ్వు చూసుకో నాయనా."

కోటు ఆవిడ ఒంటి మీదే ఉంది కాబట్టి వెళ్లడానికి ఆట్టే టైం పట్టలేదు.

విల్‌ఫ్రెడ్ వెనక్కి తిరిగాడు. తలుపు దగ్గర కీరన్ నిలబడి, వేలితో ‘ఒకసారి ఇలా రండి’ అన్నట్టు సైగ చేస్తున్నాడు. సందులోకి వెళ్లాక గొంతు బాగా తగ్గించాడు.

"ఆవిడ తప్పేం లేదండీ. హాల్లో కరెంటు తీసింది నేనే. మీరు కొట్టుదని చూపించిన మీటరు చర్చిది. చర్చిదని రాసింది మీ కొట్టుది."

"కాదు. కొట్టు కుడివైపు. మీటరూ కుడివైపే."

"వీధి వైపు తిరిగి నిలబడితే కొట్టు కుడివైపే. అర వైపు తిరిగితే వీధికి వీపు పెడతాం కదండీ. అప్పుడు కొట్టు ఎడమవైపుకి వస్తుంది."

విల్‌ఫ్రెడ్ వీధి వైపు తిరిగాడు. అర వైపు తిరిగాడు. మళ్లీ వీధి వైపు తిరిగాడు. పంతొమ్మిదేళ్ల కింద రంగు డబ్బా చేతిలో పెట్టుకుని తను ఎటు తిరిగి లెక్క వేశాడో, ఎటు తిరిగి రాశాడో గుర్తొచ్చింది.

"అంటే ఇన్నాళ్లూ నా కోల్డ్ రూము..."

"చర్చి మీటరు మీద తిరిగిందండీ. మీరు కట్టింది వాళ్ల టీకీ, లైట్లకీ." కీరన్ తల గోక్కున్నాడు. "ఇంకో సంగతి. ఆ కొత్త కాంట్రాక్టు ఈ నంబరు మీద ఉంది. అంటే మీరు కంపెనీ మార్చింది కొట్టుకి కాదు, చర్చికి. మూడేళ్లు."

విల్‌ఫ్రెడ్ చెవులు ఎర్రబడ్డాయి. అతను సిగ్గుపడితే ముందు చెవులే ఎర్రబడేవి, చిన్నప్పటి నుంచీ అంతే.

కీరన్ ఒక ఫారం తీశాడు. "మీటర్లు తారుమారైతే ఇది నింపాలి. రెండు పక్కల వాళ్లూ సంతకం పెట్టాలి. కొట్టు తరఫున ఎవరండీ?"

"నేను."

"చర్చి తరఫున?"

విల్‌ఫ్రెడ్ గొంతు సవరించుకున్నాడు. "నేనే."

"అయితే గొడవేం ఉండదు" అన్నాడు కీరన్.

విల్‌ఫ్రెడ్ రెండుచోట్లా సంతకం పెట్టాడు. రెండోది కొంచెం వంకరగా వచ్చింది. తీగలు సరిచేయడం తన ఒక్కడి చేతిలో లేదనీ, రెండు కంపెనీలు మాట్లాడుకోవాలనీ, నెల పట్టవచ్చనీ కీరన్ చెప్పాడు. కొత్త మీటరు బిగించి, హాలుకు కరెంటు వదిలి, అర తలుపు మీద ఎర్ర కాగితం ఒకటి అంటించాడు. ‘మీటర్లు తారుమారు. ముట్టుకోరాదు.’

"లోపల అంటించరాదూ?"

"బయటే అంటించాలండీ. రూలు."

కీరన్ వ్యాను మలుపు తిరగగానే విల్‌ఫ్రెడ్ తన తెల్ల ఏప్రన్ విప్పి, అర పై మేకుకు తగిలించాడు. ఎర్ర కాగితం దాని వెనక దాగిపోయింది. అప్పుడు హాల్లో పద్నాలుగు మంది ఇంకా ఆకలితో కూర్చుని ఉన్న సంగతి గుర్తొచ్చింది.

ఆ రోజు వంట అతనే ముగించాడు. మాంసం గురించి అతనికి తెలియనిది లేదు గాని, బంగాళాదుంపలు వేరే సంగతి. పైన మెత్తగా ఉన్నాయి, లోపల రాయిలా ఉన్నాయి. పళ్లున్నవాళ్లు నమిలారు, లేనివాళ్లు పక్కకు పెట్టారు. ఒక ముసలావిడ "డోరీన్ రేపటికి చల్లబడుతుందిలే" అని ఎవరితోనో గుసగుసలాడింది. విల్‌ఫ్రెడ్ గరిటె పట్టుకుని ఒక మాట చెప్పబోయాడు. అప్పుడే ఆంబ్రోస్ తన ప్లేటు ఖాళీ చేసి తల ఊపాడు.

"ఉప్పు సరిపోయింది" అన్నాడు.

అంత మెప్పుదల విన్నాక చెప్పడానికి నోరు రాలేదు.

మధ్యాహ్నం నుంచి మనుషులు రావడం మొదలైంది. ముందు పబ్బు యజమాని వచ్చాడు. విల్‌ఫ్రెడ్ భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ సరుకు ఎన్నాళ్లయినా నా దగ్గరే ఉంచుకో. ఎవరడిగినా నేను చూడలేదంటా."

"సాయంత్రమే తీసుకెళ్తాగా."

"అలాగే, అలాగే" అన్నాడు పబ్బు యజమాని, గొంతు తగ్గించి.

తర్వాత రిటైరైన పంతులమ్మ మిస్ థ్వెయిట్ వచ్చింది. చిన్నప్పుడు విల్‌ఫ్రెడ్‌కు కూడికలు నేర్పింది ఆవిడే. గిన్నెడు బార్లీ సూపు తెచ్చింది.

"ఏ వయసులోనైనా కొత్తగా మొదలుపెట్టొచ్చు విల్‌ఫ్రెడ్. తల దించుకోకు."

"నేను బాగానే ఉన్నాను టీచర్."

"అలాగే అనాలి బాబూ" అని ఆవిడ చీర చెంగు లేదు కాబట్టి మఫ్లరు అంచుతో కళ్లొత్తుకుంది.

నాలుగింటికల్లా బల్ల మీద ఓవెన్లో కాల్చిన మూడు పైలు, రెండు సూపులు, ఒక కేకు చేరాయి. కొట్టు ఖాళీ చేయడం ఊరంతా చూసింది కదా, తను దివాలా తీశాడనుకుంటున్నారని విల్‌ఫ్రెడ్‌కు అర్థమైంది. ఒక్కొక్కరికీ నిజం చెప్పాలనే అనుకున్నాడు. కాని దివాలా తీయలేదని చెప్పాలంటే సరుకు ఎందుకు తీశాడో చెప్పాలి. అది చెప్పాలంటే మీటరు మాట వస్తుంది. మీటరు మాట వస్తే డోరీన్ మాట వస్తుంది. కేకు ఇంకో ముక్క కోసుకున్నాడు.

టీ వేళకు బెరిల్‌కు చెప్పాడు. మొదటి నుంచీ చివరిదాకా, కిటికీ వంక చూస్తూ చెప్పాడు. ఆవిడ అతని వంక చాలాసేపు చూసింది.

"రేపు సభలో చెప్పు" అంది.

విల్‌ఫ్రెడ్ ఇంకో దారి ఆలోచించి పెట్టుకున్నాడు. ఫారం మీద రెండు సంతకాలూ తనవే. తీగలు నెలలో సర్దుకుంటాయి, చర్చి బిల్లు దానంతటదే పడిపోతుంది. రేపు లేచి, ముసలివాళ్ల మీద జాలితో తీర్మానం వెనక్కి తీసుకుంటున్నానంటే చాలు. భోజనం ఆగదు. అందరూ మెచ్చుకుంటారు కూడా. ఆ చివరి మాట దగ్గరే అతనికి చెవులు కాలేవి.

గురువారం సాయంత్రం ఆరింటికి సభ. పాస్టరు హెస్టర్ గారికి ఇలాంటి చర్చిలు నాలుగున్నాయి కాబట్టి ఆవిడ ఎక్కడా ఎక్కువసేపు కూర్చోదు. హాల్లో ఇరవై ముగ్గురు, అందరూ కోట్లతో. డోరీన్ వెనక వరసలో ఉంది. బెరిల్ రెండో వరసలో.

"మొదట ఒక ఉత్తరం" అంది పాస్టరు. "డోరీన్ రాసింది. నిన్న కరెంటు పోవడానికి కారణం తానేనని, ఓవెనూ బాయిలరూ కలిపి తానే వేసిందని, ఇందులో విల్‌ఫ్రెడ్ తప్పు రవ్వంత కూడా లేదని, ఎవరికైనా చూపించుకోవాలంటే ఈ కాగితం చూపించుకోవచ్చని. వంట నుంచి తప్పుకుంటున్నానని కూడా రాసింది."

విల్‌ఫ్రెడ్ తల తిప్పి చూశాడు. డోరీన్ కిటికీ వంక చూస్తోంది. బాయిలరు వేయలేదని ఆవిడకూ తెలుసు, తనకూ తెలుసు.

"రెండోది. ఈ పంతొమ్మిదేళ్లూ మన కరెంటును కంటికి రెప్పలా చూసినందుకు విల్‌ఫ్రెడ్‌కు సభ తరఫున కృతజ్ఞతలు. మిస్ థ్వెయిట్ ప్రతిపాదించారు, ఆంబ్రోస్ బలపరిచాడు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

చేతులు లేచాయి. మెల్లగా, ఒకటొకటిగా, అన్నీ లేచాయి. వాతంతో వంకరపోయిన ఆంబ్రోస్ చెయ్యి కూడా భుజం దాకా వచ్చింది.

విల్‌ఫ్రెడ్ లేచి నిలబడ్డాడు.

"దించండి" అన్నాడు.

ఎవరూ దించలేదు.

"దయచేసి దించండి. మీటర్లు తారుమారుగా ఉన్నాయి. నేను తప్పు రాశాను. పంతొమ్మిదేళ్లూ నా కోల్డ్ రూము మీ కరెంటు మీద నడిచింది. మీకు టీ కాగింది నా కరెంటు మీద. నాది తక్కువ, మీది ఎక్కువ. ఈ సంగతి నాకు తెలియదు, నిన్న ఆ మీటరు అబ్బాయి చెప్పేదాకా తెలియదు. హీటరు ముట్టుకోవద్దన్నది నేను. భోజనం ఆపేద్దామన్నది నేను. నిన్న కరెంటు పోయింది నా వల్ల. డోరీన్ బాయిలరు వెయ్యలేదు. అది తెలిసి కూడా నిన్న మధ్యాహ్నం నుంచి నోరు మూసుకున్నాను."

అతను జన్మలో అంతసేపు మాట్లాడలేదు. కూర్చోవాలో నిలబడాలో తెలియక కుర్చీ వీపు పట్టుకున్నాడు. కుర్చీలు జరుగుతాయనీ, ఎవరో ఒకరు తిడతారనీ, కొందరు లేచి వెళ్లిపోతారనీ అనుకున్నాడు. అదేమీ జరగలేదు. ఇరవై ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు.

చివరికి డోరీన్ నోరు విప్పింది.

"తెలియదా?"

"తెలియదు."

"నిజంగానే తెలియదా?"

"నిజంగానే."

డోరీన్ ఆంబ్రోస్ వంక చూసింది. ఆంబ్రోస్ పైకప్పు వంక చూశాడు.

"నువ్వు ఏటా ఆగస్టులో వారం రోజులు సముద్రం ఒడ్డుకు వెళ్తావు" అంది డోరీన్. "కోల్డ్ రూము ఆపి వెళ్తావు. ఆ వారం చర్చి మీటరు కదలదు. మేం టీ పెట్టినా కదలదు. మొదటి ఏడే చూశాను."

"నీకు తెలుసా?"

"నాకొక్కదానికే ఏమిటి."

"ఇంకెవరికి తెలుసు?" అన్నాడు విల్‌ఫ్రెడ్.

సభలో ఎవరైనా అలా అడిగితే చేతులెత్తడం వాళ్లకు అలవాటు. చేతులు లేచాయి. ఇందాకటి కంటే త్వరగా లేచాయి. పాస్టరు కూడా కలం పట్టుకున్న చెయ్యి కాస్త ఎత్తింది.

"నేను వచ్చి నాలుగేళ్లేగా" అంది, సంజాయిషీ ఇస్తున్నట్టు. "వచ్చిన వారమే చెప్పారు."

రెండో వరసలో బెరిల్ చెయ్యి ఎత్తలేదు. ఆవిడ చేతిసంచిలో ఏదో వెతుకుతోంది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్తాం నాయనా?" అంది డోరీన్. "తెలిసే చేస్తున్నావనుకున్నాం. మీటరు చూసేదీ నువ్వే, రాసేదీ నువ్వే. అడిగితే నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావు? ఊళ్లో ఉన్నది ఒక్క మాంసం కొట్టు, తెల్లారి నీ కొట్టుకొచ్చి మా మొహాలు ఎక్కడ పెట్టుకుంటాం?"

"నీకూ నీ మనస్సాక్షికీ మధ్య వ్యవహారం అనుకున్నాం" అన్నాడు ఆంబ్రోస్. "మధ్యలో దూరడం మర్యాద కాదు."

"పంతొమ్మిదేళ్లా?"

"మేం తొందరపడే మనుషులం కాదు."

"భోజనం ఆపేస్తుంటే కూడానా ఆంబ్రోస్? నువ్వు తినేదే అది."

ఆంబ్రోస్ కాసేపు ఆలోచించాడు. "ఇంకో చలికాలం చూసి కదుపుదాం అనుకున్నాం."

విల్‌ఫ్రెడ్‌కు అప్పుడు ఇంకో సందేహం వచ్చింది. రాకుండా ఉంటే బాగుండేది.

"మరి నిన్న ఆ సూపులూ, పైలూ? దివాలా తీశాననే కదా?"

మిస్ థ్వెయిట్ మఫ్లరు సర్దుకుంది. "దివాలా ఎందుకు తీస్తావు బాబూ, కరెంటు ఖర్చు లేని కొట్టు. కంపెనీ మనిషి వచ్చాడు, నువ్వు సరుకంతా దాచేశావు. దొరికిపోయావనుకున్నాం. వెళ్లేముందు నీకు నాలుగు మంచి మాటలు చెప్పాలనే ఆ కృతజ్ఞతల తీర్మానం."

"నా ఉత్తరం కూడా కోర్టులో పనికొస్తుందని రాశాను" అంది డోరీన్.

విల్‌ఫ్రెడ్ కూర్చున్నాడు. పంతొమ్మిదేళ్లుగా అతను కొట్టు తలుపు తీసిన ప్రతి పొద్దునా వీళ్లు వచ్చి నమస్కారం చెప్పారు. వాతావరణం గురించి మాట్లాడారు. అతను జాగ్రత్త గురించి చెప్తుంటే విన్నారు. దొంగ అనుకుంటూనే విన్నారు. దొంగ అనుకుంటూనే ప్రతి ఆదివారం కానుకల పళ్లెం అతని చేతికే ఇచ్చారు, అతని చేతి నుంచే తీసుకున్నారు, ఒక్కసారీ అతని ముందు లెక్కపెట్టలేదు. తిట్టి ఉంటే అతనికి సులువుగా ఉండేది.

"నా తీర్మానం వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాడు చాలా చిన్న గొంతుతో. "బుధవారం భోజనానికి ఇకమీదట మాంసం నా కొట్టు నుంచి వస్తుంది. ఊరికే వస్తుంది. చాలని మీరు చెప్పేదాకా."

"మేం చెప్పం" అన్నాడు ఆంబ్రోస్. అది ఓదార్పో హెచ్చరికో ఎవరికీ తెలియలేదు.

డోరీన్ వచ్చి బల్ల మీదున్న తాళంచెవి తీసుకుంది. బుధవారాలు విల్‌ఫ్రెడ్ వచ్చి బంగాళాదుంపలు చెక్కు తీయాలని, ఉడకబెట్టడం జోలికి మాత్రం రాకూడదని షరతు పెట్టింది. అతను తలూపాడు. ఎవరో లేచి హీటరు వేశారు. పక్కనున్న కాగితం ఎవరూ చింపలేదు. అతనే వెళ్లి చింపి జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి ఆ హాల్లో మొదటిసారి కోటు గుండీలు విప్పిన చప్పుడు వినబడింది.

పాస్టరు గడియారం చూసుకుని మినిట్సు పుస్తకం దగ్గరికి లాక్కుంది. భోజనం కొనసాగుతుందని రాసింది. మాంసం ఊరికే అని రాసింది. తర్వాత కలం ఆపింది.

"న్యాయంగా ఒక మాట కూడా ఎక్కాలి" అంది. "ఈ మీటర్ల సంగతి విల్‌ఫ్రెడ్‌కు తెలియకుండా జరిగిందని. నేనే ప్రతిపాదిస్తున్నాను. ఎవరైనా బలపరుస్తారా?"

హీటరు వేడెక్కుతూ చిటపటమంది. ఆంబ్రోస్ బూట్లు చూసుకున్నాడు. మిస్ థ్వెయిట్‌కు దగ్గు వచ్చింది. బెరిల్ సంచిలో వెతుకుతున్నది ఇంకా దొరకలేదు.

బలపరిచేవారు లేనందున సభ తర్వాతి అంశానికి, అంటే పైకప్పు కారడానికి, వెళ్లింది.